ఆడపిల్లల సమ్మర్ క్యాంపుకి థీమ్ ఎట్ల ప్లాన్ చేసుకోవాలె

ఏప్రిల్ ఆఖర్ల బడులు బంద్ అయితయి, మళ్ల జూన్ 12కి గాని తెరవరు, ఈ మధ్యల మన చర్చిలల్ల ఆడపిల్లలకు క్యాంపు పెడదాం అనే మాట వస్తనే ఉంటది. థీమ్ అనంగనే బ్యానర్ మీద ఒక వాక్యం, గులాబీ రంగు బెలూన్లు, అయిపాయె. లోపల చేసేది మాత్రం అదే చార్టు, అదే గమ్ము, అవే చమ్కీలు. పిల్లలు ఇంటికి తీస్కపోతరు, రెండు రోజులకు చెత్తబుట్టల ఉంటది.

నేను చెప్పే పద్ధతి సింపుల్. బైబిల్ల ఒక స్త్రీని తీస్కోండి, ఆ కథల ఆమె చేతులతోని ఏం పని చేసిందో చూడండి, ఆ పనే పిల్లలతోని చేయించండి. మన దిక్కు పిల్లలకు నీళ్లు, గింజలు, బట్ట ఇవన్నీ ఎరుకే, కొత్తగ ఏదీ కొనుక్కరావాల్సిన పని లేదు. క్యాంపు పేరు "ఆమె చేతులు" అని పెట్టుకోవచ్చు, 5 రోజులకు 5గురు: రిబ్కా, రూతు, మిర్యాము, లూదియ, దొర్కా. మీటింగ్ల అందరూ ముందు ఎస్తేరు అనే అంటరు, కిరీటాలు చేయొచ్చు పట్టు చీరలు కట్టొచ్చు అని, కానీ పిలవకుండనే రాజు ముందట నిలబడ్డ ఆమె ధైర్యం కిరీటం అట్టముక్కల ఎక్కడ కనిపిస్తది చెప్పండి, ఆ కథ పెద్ద పిల్లలతోని కూసోని మాట్లాడుకునేటిది.

మొదటి రోజు రిబ్కాతోని షురూ చేయండి. ఆదికాండం 24ల అబ్రాహాము దాసుడు తెచ్చినవి 10 ఒంటెలు, వాటన్నిటికీ బాయి కాడ నీళ్లు చేదిపోసింది రిబ్కానే. బాగ దూపైన ఒంటె ఒక్కసారికే 100 లీటర్ల దాకా తాగగలదు, అంటే పదింటికి 1000 లీటర్లు, మన డాబా మీద నల్ల ట్యాంకు ఉంటది చూడండి, అది నిండుగ. ఈ లెక్క ముందే చెప్పొద్దు. పొద్దున 7 గంటలకు రెండు జట్లు చేసి నల్లా కాన్నుంచి డ్రమ్ము దాకా బిందెలతోని రిలే పెట్టండి, చిన్నోళ్లకు సగం బిందె చాలు. బాగ అలిసినంక కూసోబెట్టి అప్పుడు లెక్క చేయించండి, బిందెకు 12 లీటర్లు అనుకుంటే రిబ్కా 80 సార్లు దాటి మోసినట్టు. అప్పుడు నోరు తెరుస్తరు. డ్రమ్ముల నీళ్లు పారబోయకుండ చర్చి ఆవరణల చెట్లకు పోయించండి. నల్లగొండ జిల్లల మర్రిగూడ, మునుగోడు దిక్కు క్యాంపు అయితే ఊర్లె ఒక పెద్దమ్మని పది నిమిషాలు పిలిచి, కృష్ణా నీళ్లు రాకముందు ఫ్లోరైడు బోరు నీళ్లతోని ఎముకలు ఎట్ల వంకర్లు పోయినయో, మంచినీళ్ల కోసం ఎంత దూరం నడిచేటోళ్లో చెప్పించండి. మనం గంటసేపు ప్రసంగం చెప్పినా అంత ఎక్కదు.

రూతు బోయజు పొలంల కోతోళ్ల వెనక రాలిన కంకులు ఏరుకున్నది, కాబట్టి ఆమె రోజు పరిగె ఏరుడు. పెద్ద పట్టా పరిచి వరిగడ్డి వేసి దాంట్ల జొన్నలు చల్లండి, ఏరినయన్నీ మానికతోని, సోలతోని కొలిపించండి. మన తెలుగు బైబిల్ల రూతు దుల్లగొట్టినంక దాదాపు తూమెడు యవలు అయినయని ఉంటది, తూము అంటే ఎంతనో వాళ్ల నాయనమ్మని అడిగి రమ్మనండి. బోయజు ఆమెకు పేలాలు ఇచ్చిండు గదా, ఆ రోజు స్నాక్స్ జొన్న పేలాలు, బెల్లం. బిస్కెట్ ప్యాకెట్లు వద్దు.

మిర్యాము ఎర్ర సముద్రం దాటినంక తంబుర వాయించుకుంట ఆడోళ్లతోని ఆడింది, ఆమె రోజు తొందరగ అయితది. సోడా మూతలకు పెద్దోళ్లు మేకుతోని బొక్కలు కొట్టి ఇస్తే పిల్లలు తీగెకు గుచ్చి తంబురలు చేసుకుంటరు. చప్పట్లు కొట్టుకుంట గుండ్రంగ తిరుగుడు మన ఆడపిల్లలకు నేర్పే పనే లేదు, కాకపోతే అది బతుకమ్మ లెక్క ఉందని కొందరు పెద్దలు గులుగుతరు, ముందే పాస్టరు అయ్యగారితోని ఒక మాట అనుకోండి.

లూదియ ఊదారంగు పొడి అమ్మేటామె, కాబట్టి రంగులు. తెల్ల కాటన్ కర్చీఫులు తీస్కొని గంజి పోయేదాక ఉతకండి, లేకపోతే రంగు పట్టదు. శనగలు పెట్టి దారంతోని గట్టిగ కట్టి రంగుల ముంచాలె, గ్లవ్స్ తప్పకుండ, వేడినీళ్లు క్యాంపు నడిపే అక్కలే ముట్టాలె. పోచంపల్లి, పుట్టపాక నేతోళ్లు బట్టని కాదు, నేయకముందే నూలుని ఇట్ల కట్టి అద్దుతరని చెప్పండి, దగ్గర ఉంటే మగ్గం చూపెట్టండి, పాలమూరు దిక్కోళ్లకు నారాయణపేట, గద్వాల ఉండనే ఉన్నయి. చిన్నపిల్లలకు ఇంకోటి: పసుపు నీళ్లల్ల ముంచి నీడకు ఆరబెట్టిన బట్ట మీద సబ్బు నీళ్లతోని రాస్తే అక్షరాలు ఎర్రగ లేస్తయి, నిమ్మరసం పూస్తే మళ్ల పసుపు అయితది. పిల్లలు ఒకటే అరుపులు. ఎండకు మాత్రం పెట్టొద్దు, పసుపు రంగు వెలిసిపోతది.

దొర్కాది ఒక్క రోజుల అయ్యేటిది కాదు, రోజూ గంట సేపు కుట్టించండి. ఆమె విధవరాండ్రకు బట్టలు కుట్టింది, మనం పాత చీరలతోని బొంత కుడదాం, 12 ఏండ్లు దాటినోళ్లు కుడుతరు, చిన్నోళ్లు ముక్కలు జోడిస్తరు. సంఘంల ఒంటరిగ ఉండే ముసలమ్మకు పిల్లలే పోయి ఇయ్యాలె. సూదులు లెక్కబెట్టి ఇయ్యండి, లెక్కబెట్టే తీస్కోండి, చాప మీద ఒక్కటి పడ్డా ఎవరి కాల్ల దిగుతదో తెల్వదు.

ఇగ మేల ఎండ సంగతి చెప్పే పనే లేదు. బయటి ఆటలన్నీ 9కి ముందే, 11కల్ల ఇంటికో నీడకో. మజ్జిగ, ఓఆర్ఎస్ ఎప్పుడూ ఉండాలె, దొరికితే తాటి ముంజలు. బాత్రూంకి లోపలి గొళ్లెం ఉందా చూడండి, ప్యాడ్లు ఒక డబ్బల పెట్టి అక్కడనే ఉంచండి, అడగనీకి సిగ్గుపడుతరు. ప్రతి గుంపుకు ఇద్దరు అక్కలు, ఒక పిల్లతోని ఒక పెద్ద మనిషి ఒంటిగ గదిల ఉండొద్దు, ఎంత నమ్మకస్తులైనా సరే. తల్లిదండ్రుల సంతకం లేకుండ ఎవర్నీ చేర్చుకోకండి, చర్చికి రాని ఇండ్ల పిల్లలు స్నేహితురాలితోని వస్తే ఇక్కడ బైబిల్ కథలు చెప్తమని వాళ్ల అమ్మనాయనకు ముందే సాఫ్‌గ చెప్పాలె. ఫొటోలు స్టేటస్‌ల పెట్టాలన్నా వాళ్లని అడిగే. 108 (అంబులెన్సు), 1098 (పిల్లల హెల్ప్‌లైన్) నంబర్లు గోడ మీద పెద్దగ రాసి పెట్టండి. డేట్ పెట్టే ముందు సంఘంల పెండ్లిళ్లు ఎప్పుడున్నయో కనుక్కోండి, మేల ఒక్క పెండ్లి ఉన్నా అక్కలు సగం మంది మాయం.

ఆఖరు రోజు తల్లిదండ్రులు వస్తరు. డాన్సు ప్రాక్టీసుల కోసం రెండు రోజులు ఖరాబు చేసుకోకండి. కర్చీఫులు తాడుకు ఆరేసి, బొంత పరిచి, ఏ పిల్ల చేసింది ఆ పిల్లనే నిలబడి ఎట్ల చేసిందో చెప్తే చాలు. స్టేజీ మీద పెద్దలు మాట్లాడుతమంటే వద్దనలేం గని, భోజనాలు అయినంక మైకు ఇయ్యండి.