ట్రేస్‌లో స్ట్రింగ్‌కు బదులు చెత్త వస్తోందా? ముందు ఫార్మాట్ ఫైలు తెరవండి

లినక్స్ కెర్నల్‌లో సొంతంగా ట్రేస్ ఈవెంట్ (కోడ్‌లో ఒక చోటు దాటినప్పుడల్లా విలువలను నమోదు చేసేది) రాసుకున్నవారి కోసం, కేప్రోబ్‌తోనో (నడుస్తున్న కెర్నల్ కోడ్‌కు తగిలించే ప్రోబ్) బీపీఎఫ్‌తోనో (కెర్నల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) మెమరీలోని స్ట్రింగ్‌ను తీసి చూడాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. ఈవెంట్‌ను ఆన్ చేయడం, ట్రేస్ ఫైలు చదవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. స్ట్రింగ్ తప్పుగా వస్తోందని ఎవరు అడిగినా నేను వేసే మొదటి ప్రశ్న ఒకటే: ఆ ఈవెంట్ ఫార్మాట్ ఫైలు చూశారా? దాదాపు ఎవరూ చూసి ఉండరు. లాకింగ్‌ను అనుమానిస్తారు, కంపైలర్‌ను అనుమానిస్తారు, రెండు రోజులు గడిచాక మెమరీ చిప్‌ను కూడా అనుమానిస్తారు. ఫైలు తెరిచి చూడటానికి అర నిమిషం చాలు.

మొదట చూడవలసినవి

ట్రేసింగ్ డైరెక్టరీలోని ఈవెంట్స్ కింద, మీ ఈవెంట్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో 'ఫార్మాట్' అనే ఫైలు ఉంటుంది. అందులో మీ స్ట్రింగ్ ఫీల్డ్ ఉన్న వరుసను చదవండి. టైపు ముందు 'డేటా లాక్' అని ఉండి సైజు 4 అని కనిపిస్తే, అక్షరాలు రికార్డులోకే కాపీ అవుతున్నాయని అర్థం. అలా కాకుండా 'క్యార్' తర్వాత నక్షత్రం గుర్తు ఉండి, 64 బిట్ యంత్రంలో సైజు 8 అని కనిపిస్తే, రికార్డులో ఉన్నది స్ట్రింగ్ కాదు, దాని చిరునామా (పాయింటర్) మాత్రమే. ఈ ఒక్క వరుసతోనే సగానికి పైగా కేసులు తేలిపోతాయి.

రెండవది కెర్నల్ లాగ్. 5.13 నుంచి, అంటే 2021 నుంచి, ట్రేస్ చదివే సమయంలో ప్రమాదకరమైన స్ట్రింగ్ పాయింటర్ కనిపిస్తే కెర్నల్ అక్కడే హెచ్చరిక రాస్తుంది. ఆ హెచ్చరిక బూట్ అయిన తర్వాత ఒకే ఒక్కసారి వస్తుంది కనుక, లాగ్ చివరి పేజీ మాత్రమే చూసి ఏమీ లేదనుకోకండి, మొదటి నుంచీ వెతకండి.

లక్షణం: చెత్త అక్షరాలు, మరెవరిదో పేరు, లేదా 'అన్‌సేఫ్ మెమరీ' అన్న మాట

నన్ను బాగా దెబ్బతీసిన కారణం ఇదే కనుక దీని గురించి వివరంగా చెబుతాను.

ట్రేస్ ఈవెంట్‌లో రెండు పనులు రెండు వేర్వేరు కాలాల్లో జరుగుతాయి. ఈవెంట్ జరిగినప్పుడు నడిచే భాగం విలువలను రింగ్ బఫర్‌లో (నిండాక పాతవాటిపై కొత్తవి రాసుకునే నిల్వ) రాసి వెళ్లిపోతుంది. మనం ప్రింట్ ఫార్మాట్‌గా రాసిన భాగం అప్పుడు నడవదు. ఎవరో ట్రేస్ ఫైలును చదివినప్పుడే నడుస్తుంది. ఆ రెంటి మధ్య ఒక మిల్లీసెకను ఉండవచ్చు, ఒక రాత్రంతా ఉండవచ్చు. ప్రింట్ ఫార్మాట్‌లో పర్సెంట్ ఎస్ ('స్ట్రింగ్‌గా చూపించు' అనే గుర్తు) రాసి, దానికి పాయింటర్ ఫీల్డ్‌ను అందిస్తే, 'ఈ చిరునామాలో అప్పుడు ఏముండేదో చూపించు' అని కాక, 'ఇప్పుడు ఏముందో చూపించు' అని అడిగినట్టు అవుతుంది. ఆ మెమరీ ఎప్పుడో విడుదలై ఉండవచ్చు.

ఇది వెంటనే బయటపడదు. రాసినవారు ఈవెంట్‌ను ఆన్ చేసి, ఒకసారి నడిపి, వెంటనే ట్రేస్ ఫైలును చదువుతారు. అప్పటికి స్ట్రింగ్ ఇంకా బతికే ఉంటుంది, పేరు చక్కగా కనిపిస్తుంది, ప్యాచ్ లోపలికి వెళ్లిపోతుంది. అందుకే 'నా దగ్గర పనిచేసింది' అన్న మాటకు ఈ విషయంలో ఎలాంటి విలువా లేదు.

ఒకసారి ఒక డ్రైవర్‌లో పరికరం పేరును అప్పటికప్పుడు మెమరీ కేటాయించి కూర్చేవారు, పని అయ్యాక విడుదల చేసేవారు. ఈవెంట్‌లో ఆ పేరు చిరునామా మాత్రమే నిల్వ అయ్యేది. ట్రేస్‌లో చెత్త వచ్చి ఉంటే నేను వెంటనే పట్టుకునేవాణ్ణే. కానీ విడుదలైన ఆ మెమరీ స్థలాన్నే తర్వాత వచ్చిన మరో పరికరం పేరు ఆక్రమించింది. ఫలితంగా ట్రేస్‌లో చూడ్డానికి పూర్తిగా సరైన పేరే, వేరే పరికరానిది, కనిపించింది. ఆ పేరును నమ్మి ఏ తప్పూ లేని పరికరం చుట్టూ రెండు రోజులు తిరిగాను. అప్పటి నుంచి నేను చెత్త అక్షరాల కంటే శుభ్రంగా కనిపించే తప్పు పేరుకే ఎక్కువ భయపడతాను.

కారణం ఇదేనని నిర్ధారించుకోవడానికి సులువైన పద్ధతి ఒకటి ఉంది. స్లబ్ డీబగ్‌లో (కెర్నల్ మెమరీ కేటాయింపును పరీక్షించే బూట్ ఎంపిక) పాయిజనింగ్‌ను ఆన్ చేసి కెర్నల్‌ను బూట్ చేయండి. అప్పుడు విడుదలైన వస్తువులను కెర్నల్ ఒకే బైటుతో నింపుతుంది, ఆ బైటు ఆస్కీలో ఇంగ్లిష్ చిన్న 'కే' అక్షరం. పరీక్ష నడిపి, స్ట్రింగ్ విడుదలయ్యేంత సమయం ఇచ్చి, ఆ తర్వాత ట్రేస్ చదవండి. పేరు ఉండవలసిన చోట వరుసగా 'కే కే కే' అని కనిపిస్తే ఇక వాదన అవసరం లేదు. 5.13 తర్వాతి చాలా కెర్నళ్లలో పేరుకు బదులు బ్రాకెట్లలో చిరునామా, దాని వెంట అన్‌సేఫ్ మెమరీ అన్న మాట కనిపించవచ్చు. అక్కడ కెర్నల్ తానే కారణాన్ని చెబుతోంది.

ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించే విషయం ఒకటుంది. అదే చోట ట్రేస్ ప్రింట్‌కే (ట్రేస్‌లోకి నేరుగా రాసే ఫంక్షన్) పెట్టి చూస్తే పేరు సరిగ్గానే వస్తుంది, దాంతో 'స్ట్రింగ్ బాగానే ఉంది, తప్పు ట్రేసింగ్ వ్యవస్థలోనే ఉంది' అన్న నిర్ణయానికి వస్తారు. ట్రేస్ ప్రింట్‌కే పర్సెంట్ ఎస్‌కు ఇచ్చిన అక్షరాలను అక్కడికక్కడే బఫర్‌లోకి కాపీ చేసుకుంటుంది. కాబట్టి ఆ పరీక్ష రుజువు చేసేది ఒక్కటే: ఈవెంట్ జరిగిన క్షణంలో స్ట్రింగ్ సరిగ్గా ఉందని. చదివే క్షణంలో దాని పరిస్థితి ఏమిటో అది చెప్పదు.

పరిష్కారం అక్షరాలను రికార్డులోకి కాపీ చేయడం. ఈవెంట్ నిర్వచనంలో పాయింటర్ ఫీల్డ్ తీసేసి, స్ట్రింగ్ మాక్రోతో ప్రకటించండి; విలువలు నింపే భాగంలో అసైన్ స్ట్రింగ్ మాక్రో వాడండి; ప్రింట్ ఫార్మాట్‌లో ఫీల్డ్‌ను నేరుగా కాక గెట్ స్ట్రింగ్ మాక్రో ద్వారా అందుకోండి. ఈ మూడూ కలిసే ఉండాలి. కెర్నల్ 6.10 నుంచి అసైన్ స్ట్రింగ్ మాక్రోకు రెండవ ఆర్గ్యుమెంట్ లేదు, ఫీల్డ్ పేరు ఒక్కటే ఇస్తే చాలు. కెర్నల్ సోర్సు చెట్టు బయట ఉండే మాడ్యూల్ అకస్మాత్తుగా కంపైల్ కాకపోతే ఇక్కడ చూడండి.

మార్చాక రికార్డు ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. నాలుగు అక్షరాల నెట్‌వర్క్ పరికరం పేరు ఒక్కటే ఫీల్డ్‌గా ఉన్న ఈవెంట్‌ను తీసుకోండి. మొదటి 8 బైట్లు అన్ని ఈవెంట్లకూ ఉమ్మడిగా ఉండేవి: ఈవెంట్ రకం, ఫ్లాగులు, ప్రీఎంప్ట్ కౌంట్, ప్రాసెస్ నంబరు. తర్వాతి 4 బైట్లు డేటా లాక్. అందులో కింది 16 బిట్లు అక్షరాలు ఎక్కడ మొదలవుతాయో చెబుతాయి, ఇక్కడ 12. పై 16 బిట్లు పొడవు చెబుతాయి, ఇక్కడ 5, చివరి సున్నా బైటుతో కలిపి. ఆ 12వ చోటు నుంచి పేరే ఉంటుంది. బయటి చిరునామా ఎక్కడా లేదు కనుక, ఆ పరికరాన్ని తీసేసినా, ట్రేస్‌ను ఫైలుగా తీసుకెళ్లి మరో యంత్రంలో చదివినా పేరు చెక్కుచెదరదు.

ఈ చివరి మాట ముఖ్యం. ట్రేస్ సీఎండీ, పెర్ఫ్ వంటి పరికరాలు రికార్డులను ముడి రూపంలో యూజర్ స్పేస్‌కు (కెర్నల్ బయట, మామూలు ప్రోగ్రాములు నడిచే చోటు) తెచ్చి అక్కడ విడదీస్తాయి. కెర్నల్ చిరునామా వెనుక ఏముందో అవి చూడలేవు. ట్రేస్ ఫైలులో పేరు వచ్చి, ట్రేస్ సీఎండీ నివేదికలో మాత్రం అంకెలే వస్తుంటే, అది ఆ పరికరం లోపం కాదు; మీ ఈవెంట్ పాయింటర్‌ను నిల్వ చేస్తోందనడానికి అదే సాక్ష్యం.

ఎక్కువగా కనిపించే తప్పుడు మరమ్మతులు కూడా చెప్పాలి. హెచ్చరిక పోవాలని పర్సెంట్ ఎస్‌ను పర్సెంట్ పీగా (అక్షరాలకు బదులు పాయింటర్‌ను చూపే గుర్తు) మార్చేవారు ఉన్నారు. హెచ్చరిక పోతుంది, దానితోపాటు సమాచారమూ పోతుంది. స్టాటిక్ బఫర్‌లోకి కాపీ చేసి దాని పాయింటర్‌ను నిల్వ చేసేవారూ ఉన్నారు. అప్పుడు పాత రికార్డులన్నీ చివరి పేరునే చూపిస్తాయి. ఇక 256 బైట్ల స్థిర అర్రే పెట్టడం ప్రమాదకరం కాకపోయినా ఖరీదైన పని. ఒక్కో సీపీయూకు 1408 కిలోబైట్ల బఫర్, 4096 బైట్ల పేజీలు అనుకుంటే, అలాంటి ఈవెంట్లు సుమారు 5,000 పడతాయి. పైన చూపిన చిన్న రికార్డులైతే సుమారు 60,000 పడతాయి. మీకు కావలసిన ఈవెంట్ చెరిగిపోకుండా నిలిచిందా లేదా అన్నది చాలాసార్లు ఈ తేడాపైనే ఆధారపడుతుంది.

పాయింటర్ నిల్వ చేయడం అన్నిసార్లూ తప్పు కాదు. కెర్నల్‌లోనే కంపైల్ అయిన స్థిర స్ట్రింగులు ఎక్కడికీ పోవు. వేగం ముఖ్యమైన ఆర్‌సీయూ (కెర్నల్‌లోని ఒక సమకాలీకరణ పద్ధతి) ఈవెంట్లు ఇలాగే చేస్తాయి, కానీ ఆ స్ట్రింగులను ట్రేస్‌పాయింట్ స్ట్రింగ్ మాక్రోతో చుడతాయి. అలా చుట్టిన వాటి చిరునామాలు, అక్షరాలు ప్రింట్‌కే ఫార్మాట్స్ అనే ఫైలులో కనిపిస్తాయి, యూజర్ స్పేస్ పరికరాలు అక్కడి నుంచి అర్థం చేసుకుంటాయి. కానీ కోట్‌లలో రాసిన స్ట్రింగ్ కదా, భయం లేదనుకునే ముందు అది ఎవరి కోట్‌లలో ఉందో చూడండి. ఈవెంట్ కెర్నల్‌లో ఉండి, పేరు ఒక మాడ్యూల్ నుంచి వస్తుంటే, మాడ్యూల్‌ను తీసేయగానే ఆ పేరున్న మెమరీ కూడా పోతుంది. అలాంటప్పుడు కాపీయే మార్గం.

కాపీ చేస్తున్నప్పుడు ఆ స్ట్రింగ్‌ను మరో సీపీయూ మార్చే వీలుందా అన్నది కూడా ఆలోచించండి. ముందు పొడవు కొలుస్తారు, తర్వాత అక్షరాలు రాస్తారు. మధ్యలో పేరు మారితే సగం పాతది, సగం కొత్తది రావచ్చు. ఫైలు పేరు మార్పిడికి గురయ్యే డెంట్రీ (డైరెక్టరీలోని ఒక పేరుకు కెర్నల్ ఉంచుకునే నిర్మాణం) పేర్ల వంటి వాటిని తగిన లాక్ పట్టుకునే చదవాలి.

లక్షణం: స్ట్రింగ్ ఖాళీగా వస్తోంది, లేదా 'ఫాల్ట్' అని కనిపిస్తోంది

కేప్రోబ్, బీపీఎఫ్ వాడేవారికి ఎదురయ్యేది ఎక్కువగా ఇదే. పాయింటర్ యూజర్ స్పేస్‌దా, కెర్నల్‌దా అని ముందు తేల్చుకోండి. కేప్రోబ్ ఈవెంట్‌లో కెర్నల్ స్ట్రింగ్‌కు 'స్ట్రింగ్' రకం, యూజర్ స్ట్రింగ్‌కు 5.3 నుంచి ఉన్న 'యూస్ట్రింగ్' రకం వాడాలి. బీపీఎఫ్‌లో కూడా 5.5 నుంచి యూజర్‌కు, కెర్నల్‌కు వేర్వేరు ప్రోబ్ రీడ్ సహాయకాలు ఉన్నాయి. పాత ఉమ్మడి సహాయకం ఎక్స్86లో చాలావరకు పనిచేస్తుంది, కానీ ఎస్390 (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్) వంటి యంత్రాల్లో ఒకే చిరునామా రెండు చోట్లా చెల్లుతుంది కనుక తప్పు చోటు నుంచి చదవవచ్చు. ఇక ట్రేస్ ఈవెంట్‌లోని స్ట్రింగ్ మాక్రోకు యూజర్ పాయింటర్‌ను ఎప్పుడూ నేరుగా ఇవ్వకండి. ఎక్స్86లో ఎస్‌మ్యాప్ (కెర్నల్ యూజర్ మెమరీని నేరుగా ముట్టకుండా ఆపే రక్షణ) ఉంటే కెర్నల్ అక్కడే ఊప్స్ (తీవ్రమైన కెర్నల్ లోపం) అవుతుంది.

రకం సరిగ్గా ఉండి కూడా అప్పుడప్పుడూ ఖాళీ వస్తుంటే, ఆ పేజీ ఇంకా మెమరీలోకి రాలేదని అనుకోండి. ప్రోబ్ నడిచేటప్పుడు పేజీ ఫాల్ట్ కోసం ఆగడం కుదరదు కనుక చదవడం విఫలమవుతుంది. ఓపెన్ సిస్టమ్ కాల్ ప్రవేశంలో ఫైలు పేరు ఇలాగే తప్పిపోతుంది, ముఖ్యంగా ప్రోగ్రామ్ ఆ పేరును అంతకుముందు ముట్టుకోనప్పుడు. ప్రవేశంలో పాయింటర్‌ను థ్రెడ్ నంబరుతో మ్యాప్‌లో దాచి, నిష్క్రమణలో చదవండి. అప్పటికి కెర్నల్ స్వయంగా దాన్ని చదివి ఉంటుంది. భద్రతా పరిశీలనకైతే ఇది చాలదు, ఎందుకంటే మధ్యలో మరో థ్రెడ్ ఆ అక్షరాలను మార్చగలదు. కెర్నల్ తన వైపు కాపీ చేసుకున్న తర్వాతి ఫంక్షన్‌ను పట్టుకోవాలి. ఎగ్జెక్ (ప్రాసెస్‌లో కొత్త ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే సిస్టమ్ కాల్) విజయవంతమైతే నిష్క్రమణ నాటికి పాత మెమరీ చిత్రమే ఉండదు కనుక, షెడ్యూలర్ విభాగంలోని ప్రాసెస్ ఎగ్జెక్ ఈవెంట్‌ను వాడండి, అందులో ఫైలు పేరు ముందే కాపీ అయి ఉంటుంది.

లక్షణం: పేరు తర్వాత అదనపు అక్షరాలు, లేదా పేరు మధ్యలో తెగిపోవడం

మూల స్ట్రింగ్‌కు చివర సున్నా బైటు లేకపోతే అదనపు అక్షరాలు వస్తాయి. నెట్‌వర్క్ ప్యాకెట్ల నుంచి, డిస్క్ నిర్మాణాల నుంచి తీసిన పేర్లలో ఇది సహజం. పొడవు తీసుకునే స్ట్రింగ్ మాక్రో వాడండి. తెగిపోవడానికి కారణం ఎక్కడో ఒక పరిమితి: ప్రాసెస్ పేరు ఫీల్డ్ 16 బైట్లే కనుక 15 అక్షరాలకు మించి కనిపించవు, పాత బీపీఎఫ్‌ట్రేస్‌లో స్ట్రింగ్ పొడవు డిఫాల్ట్‌గా 64 బైట్లే. బ్రాకెట్లలో 'నల్' అని వస్తే పాయింటరే నల్. స్ట్రింగ్ మాక్రో దాన్ని సురక్షితంగా అలాగే రాస్తుంది, వెతకవలసింది పిలిచిన చోట.

మెమరీ చిప్ లోపం, కంపైలర్ తప్పు, రింగ్ బఫర్ చెడిపోవడం అసలు ఉండవని కాదు, కానీ స్ట్రింగ్ ఒక్కటే తప్పుగా వచ్చి మిగతా ఫీల్డులన్నీ సరిగ్గా ఉన్నప్పుడు వాటి జోలికి వెళ్లకండి. ఫార్మాట్ ఫైలులోని ఆ వరుసను మరోసారి చదివి, నక్షత్రం గుర్తు ఉందో లేదో చూడండి.