ఏనుగు పొట్టిదైంది, ఎందుకు? బొమ్మల చదరాల దుప్పటిలో వచ్చే తప్పులు, వాటి మరమ్మతు

ఒక్కో చదరంలో ఒక్కో బొమ్మ అల్లి, అన్నిటినీ కలిపి ఊలు దుప్పటి చేసేవాళ్ళకు వచ్చే ఇబ్బందులు దాదాపు ఒకటే. బొమ్మ చెడిపోయిందనుకుని మొత్తం విప్పేస్తారు. తీరా చూస్తే బొమ్మలో తప్పేం ఉండదు, కుట్టు ఆకారంలోనో లెక్కలోనో ఉంటుంది. అందుకే విప్పే ముందు చదరాన్ని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక్కడ చెప్పేదంతా గ్రాఫ్ (గళ్ళ కాగితం మీద గీసిన బొమ్మ) చూస్తూ, గడికి ఒక సింగిల్ క్రోషే (హుక్కుతో వేసే పొట్టి కుట్టు) చొప్పున, వరస అయ్యాక తిప్పి అల్లే పద్ధతికి సంబంధించినది. ఉదాహరణకు 40 గళ్ళ వెడల్పు, 40 గళ్ళ ఎత్తు ఉన్న ఏనుగు బొమ్మ తీసుకుందాం.

ఏనుగు అణిగిపోయినట్టు, పొట్టిగా వచ్చింది

గ్రాఫ్‌లో గడి నలుచదరంగా ఉంటుంది, సింగిల్ క్రోషే కుట్టు అలా ఉండదు. చాలామంది చేతిలో అది వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. 10 సెంటీమీటర్లకు మీకు 16 కుట్లు, 20 వరసలు వస్తున్నాయనుకోండి. 40 కుట్లకు 25 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. 40 వరసలకు ఎత్తు 20 సెంటీమీటర్లే. ఏనుగు కాస్తా పందిపిల్ల అవుతుంది.

దీనికి మందు గ్రాఫ్‌లోనే ఉంది. ప్రతి 4 వరసలకు ఒక వరసను రెండుసార్లు అల్లితే 50 వరసలవుతాయి, ఎత్తు కూడా 25కు చేరుతుంది. ఏ వరసను రెట్టించాలో మాత్రం చూసుకోవాలి. కన్ను, దంతం కొన ఉన్న వరసలను వదిలేసి పొట్ట, కాళ్ళ దగ్గర రెట్టించండి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక వరస అదనంగా చేరగానే ఆ తర్వాతి వరసల దిశ మారిపోతుంది, గ్రాఫ్ పక్కన ఉన్న అంకెలు ఇక పనికిరావు. కాబట్టి 50 వరసలతో గ్రాఫ్ మళ్ళీ గీసుకుని, కొత్తగా అంకెలు వేసుకున్నాకే మొదలుపెట్టండి. కంప్యూటర్‌లో గీసేవాళ్ళు గడి వెడల్పు 5, ఎత్తు 4 పాళ్ళలో పెట్టుకుంటే అల్లాక బొమ్మ ఎలా ఉంటుందో ముందే తెరమీద కనిపిస్తుంది.

ఈ 16, 20 లెక్క ఉదాహరణకే. మీ చేతి లెక్క మీరే కొలుచుకోవాలి. నమూనా ముక్కను ఒక్క రంగుతో అల్లి కొలిస్తే లాభం లేదు. అప్పటికి వాడని రెండో రంగు దారాన్ని కుట్ల లోపల దాచుకుంటూ అల్లినప్పుడు కుట్టు కొంచెం లావవుతుంది, కొలత మారుతుంది.

ఎత్తు మరీ ఎక్కువైంది, బొమ్మ నిలువునా సాగింది

మీరు చూసి అల్లుతున్న సూచనలు బ్రిటిష్ వాళ్ళవా అమెరికా వాళ్ళవా అని చూడండి. బ్రిటిష్ వాళ్ళు డబుల్ క్రోషే అనే కుట్టే అమెరికా వాళ్ళ సింగిల్ క్రోషే. ఆ తేడా గమనించకుండా హుక్కు మీద ముందే దారం చుట్టి పొడుగు కుట్టు వేస్తే ఏనుగు జిరాఫీ అవుతుంది. దీన్ని విప్పక తప్పదు.

రంగు మారే చోట పాత రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. బూడిద రంగు చెవి అయిపోయి తెల్లటి నేపథ్యం మొదలైన చోట, మొదటి తెల్ల కుట్టు నెత్తిన బూడిద రంగు పోగు కూర్చుని ఉంటుంది. రంగు ఒక అడుగు ఆలస్యంగా మార్చారన్నమాట.

కొత్త రంగు కొత్త కుట్టుతో మొదలవదు, పాత కుట్టు చివర్లోనే మొదలవ్వాలి. చెవిలోని ఆఖరి బూడిద కుట్టులో హుక్కు గుచ్చి దారం పైకి లాగితే హుక్కు మీద రెండు లూపులుంటాయి. అక్కడ ఆగండి. బూడిద దారం వదిలేసి, తెల్ల దారం అందుకుని, ఆ రెండు లూపుల్లోంచీ దాన్నే లాగండి. ఇప్పుడు హుక్కు మీద మిగిలిన తెల్ల లూపే తర్వాతి కుట్టుకు తల అవుతుంది. వదిలేసిన దారం ఎప్పుడూ బొమ్మ వెనకవైపే ఉండాలి. అంటే వెనక వరస (బొమ్మ వెనకవైపు మీకు ఎదురుగా ఉండే వరస) అల్లేటప్పుడు దాన్ని మీవైపుకు వేసుకోవాలి. ఇది మరిచిపోతే బొమ్మ ముఖం మీద అడ్డంగా గీతలు తేలతాయి.

ఇంత చేసినా నిలువు గీతలు కొంచెం వంకరటింకరగానే ఉంటాయి. తిప్పి అల్లే సింగిల్‌లో కుట్లు వరసవరసకీ సగం కుట్టు అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి అది తప్పు కాదు, విప్పకండి.

ఒక వరస కుదిరింది, తర్వాతిది అద్దంలో చూసినట్టు తిరగబడింది

ముందు వరసలు కుడి నుంచి ఎడమకు, వెనక వరసలు ఎడమ నుంచి కుడికి చదవాలి. ఎడమచేతి వాటం వాళ్ళకు ఇది పూర్తిగా తిరుగు. వాళ్ళు చదరంలో పేరో అక్షరమో పెట్టాలంటే కుడిచేతి వాళ్ళలా చదవకూడదు, అక్షరాలు తిరగబడతాయి. అల్లాల్సిన వరసకు పైనున్న గ్రాఫ్‌ను కాగితంతో మూసేయండి. కింద అయిపోయిన వరసలు కనిపిస్తూ ఉంటే పొరపాటు వెంటనే దొరుకుతుంది.

తెలుపులోంచి నలుపు తొంగిచూస్తోంది, చదరం అట్టలా బిగుసుకుంది

రెండింటికీ కారణం చాలాసార్లు ఒకటే: దారాన్ని చాలా దూరం కుట్ల లోపల మోసుకెళ్ళడం. మూడు నాలుగు కుట్లు దాటాల్సి వస్తే మోసుకెళ్ళండి. అంతకు మించితే ప్రతి రంగు ముక్కకూ వేరే చిన్న ఉండ పెట్టుకోవడమే మేలు. బట్టల క్లిప్పులకో అట్టముక్కలకో చుట్టుకుంటే చిక్కుపడవు. లోపలి దారాన్ని గుంజితే చదరం ముడుచుకుంటుంది కాబట్టి నాలుగైదు కుట్లకోసారి వెడల్పుకు మెల్లగా సాగదీసి చూడండి. నరసాపురం వైపు సన్నటి నూలు దారంతో లేసు అల్లి చేయి తిరిగినవాళ్ళకు బిగించి లాగే అలవాటు ఉంటుంది. లేసుకు అదే అందం. ఊలుకు మాత్రం చేయి వదులు చేయాలి, లేదా హుక్కు ఒక సైజు పెంచాలి.

పక్కలు లోపలికి పోతున్నాయి

చివర కుట్టు తప్పిపోతోంది. 40 కుట్లకు 41 చైన్లు (మొదట వేసే గొలుసు కుట్లు) వేసి, హుక్కు నుంచి రెండో చైన్‌లో మొదలుపెట్టండి. తిప్పినప్పుడు వేసే ఒక చైన్ లెక్కలోకి రాదు, కొత్త వరస మొదటి కుట్టు కింది వరస మొదటి కుట్టులోనే పడాలి. మొదటిదానికీ చివరిదానికీ పిన్నీసు పెట్టుకుంటే కుట్టు తప్పదు. కింది అంచు మాత్రమే ఇరుకైతే చైన్లు బిగిశాయని అర్థం. చైన్ల వరకు పెద్ద హుక్కు వాడండి.

కన్ను కనిపించడం లేదు

ఒక్క కుట్టు కన్ను ఎవరు అల్లినా కనిపించదు. తర్వాత సూదితో కుట్టండి. తోక, మీసాలు కూడా అంతే.

కలిపేటప్పుడు చదరాలు సరిపోవడం లేదు, అంచు అలలు లేస్తోంది

ప్రతి చదరం చుట్టూ ఒక అంచు వరస అల్లి, అన్నిటికీ అదే లెక్క పెట్టాలి. పైన, కింద 40 కుట్లున్నాయి, పక్కన 50 వరసలున్నాయి. పక్కన వరసకొకటి వేస్తే 50 అవుతాయి, అందుకే అలలు. ప్రతి 5 వరసల్లో నాలుగింట్లోనే వేసి ఐదోది వదిలేయండి, 40 వస్తాయి. మూలల్లో ఒకేచోట 3 కుట్లు. అంచు లోపలికి ముడుచుకుంటే కుట్లు తక్కువైనట్టు.

అప్పటికీ కొలతలో చిన్న తేడా ఉంటే తడిపి, పిన్నులతో సరైన కొలతకు పరిచి ఆరబెట్టండి. కొట్లో ఊలు అని అమ్మేదాంట్లో చాలావరకు అక్రిలిక్. దానికి ఇస్త్రీపెట్టె తగిలిందా, కుట్లు చదునైపోయి మెరుస్తాయి, మళ్ళీ మామూలుగా రావు. నూలుదైతే ఎరుపు, ముదురు నీలం పక్కన తెలుపు పెట్టే ముందు ఒక ముక్కను తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి. రంగు అంటితే ఆ ఉండ ఈ దుప్పటికి వద్దు. నేపథ్యం రంగు మాత్రం మొత్తం ఒకేసారి, లేబుల్ మీద ఒకే డై లాట్ నంబర్ (ఒకే విడతలో రంగు వేశారని తెలిపే అంకె) ఉన్నవి చూసి కొనండి. తర్వాత తెచ్చిన తెలుపు పాత తెలుపుతో కలవకపోతే దాన్ని సరిచేసే దారి లేదు, చదరాలను గడుల బల్లలా మార్చి మార్చి పేర్చి కావాలనే చేసినట్టు చూపించడం తప్ప.