మబ్బు నీరు, ఏటి నీరు, సముద్రపు నీరు: డెల్టాలో వాతావరణ సూచన చదువుకునే పద్ధతి

గోదావరి డెల్టాలో చేను మునగడానికి ఆ ఊళ్ళో చినుకు పడనక్కర్లేదు. ఎగువన గోదావరిలో కలిసే ఇంద్రావతి, శబరి నదుల పరివాహకంలో మూడు రోజులు కుంభవృష్టి కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏటి మధ్య లంకల్లోని పొలాలు మునిగిపోతాయి. వాన ఓ మోస్తరుగా పడినా, అమావాస్యకు సముద్రం పొంగే పోటుకు మురుగు కాలువ వెనక్కి తన్నిందంటే తీరం దగ్గరి ఊళ్ళలో కొత్తగా ఊడ్చిన చేలు రోజుల తరబడి నీళ్ళ కిందే ఉంటాయి. అందుకే ఫోన్లో మబ్బు బొమ్మ ఒక్కటే చూసి ఊరుకుంటే చాలదు. వాన సూచన, గోదావరి మట్టం, పోటు పాటుల వేళ ఈ మూడూ కలిపి చూసుకోవాలి.

బులెటిన్‌లో మాటలకు లెక్కలున్నాయి

వాతావరణ శాఖ "భారీ వర్షం" అన్నదంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. "అతి భారీ" అంటే 115.6 నుంచి 204.4 వరకు, ఆపైన "అత్యంత భారీ". "మోస్తరు" అంటే 15.6 నుంచి 64.4 వరకు. ఈ మోస్తరు అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. 16 మిల్లీమీటర్లు చేనుకు మేలు చేసే వాన, 60 అయితే ఆకుమడి మునిగే వాన, పేరు మాత్రం రెండింటికీ ఒకటే. ఆ 24 గంటలు కూడా అర్ధరాత్రి నుంచి కాదు, ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు.

ఎంత వాన అన్నదాని పక్కనే ఎన్ని చోట్ల అన్నది కూడా ఉంటుంది. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించవు. "కొన్ని చోట్ల" అంటే సగం లోపు, "అనేక చోట్ల" అంటే ముప్పాతిక లోపు, "చాలా చోట్ల" అంటే అంతకంటే ఎక్కువ. "ఒకటి రెండు చోట్ల భారీ" అన్నారని కోత ఆపేయక్కర్లేదు గానీ, కోసి పరిచిన వరి పనల మీదకు టార్పాలిన్లు సిద్ధంగా ఉంచుకోవాలి. "చాలా చోట్ల భారీ" అన్నారంటే మీ ఊరు తప్పించుకుంటుందని ఆశపడకండి.

హెచ్చరిక రంగులు వాన కొలతను చెప్పవు, మనం చేయాల్సిన పనిని చెబుతాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండండని, నారింజ అంటే సిద్ధం కండని, ఎరుపు అంటే కదలండని. ఎరుపు వచ్చాక బోదె (చేల నీరు దిగే చిన్న కాలువ) బాగుచేయడానికి బయల్దేరితే ఆలస్యమైపోయినట్టే.

ఏ పనికి ఏ సూచన చూడాలన్నది ఇంకో మెట్టు. మంగళ, శుక్రవారాల్లో వచ్చే జిల్లా వ్యవసాయ వాతావరణ బులెటిన్ 5 రోజులది. ఎరువు, మందు, కోత నిర్ణయాలకు ఆధారం అదే, "మేఘదూత్" యాప్‌లో తెలుగులోనే దొరుకుతుంది. గురువారం వచ్చే నాలుగు వారాల సూచన నారు ఎప్పుడు పోసుకోవాలన్న అంచనాకు పనికొస్తుంది గానీ, ఫలానా రోజు వాన పడుతుందా అన్నదానికి పనికిరాదు. ఇక రాబోయే మూడు గంటలకు ఇచ్చే హెచ్చరిక కళ్ళంలో ధాన్యం ఆరబోసినవారికి ప్రాణం లాంటిది. కార్తెల లెక్కనూ తీసిపారేయక్కర్లేదు. అక్టోబరు 24 ప్రాంతంలో మొదలయ్యే స్వాతి కార్తె తుపానుల కాలమేనన్న పెద్దల మాట నిజం. కాకపోతే రోజు చెప్పడం కార్తె వల్ల కాదు.

మీ చేలో పడిన వాన మీరే కొలవండి

సూచన జిల్లాకో మండలానికో ఉంటుంది, మునిగేది మీ చేను. పైనా కిందా ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి తీసుకుని, నోరు నేలకు ఒక అడుగు ఎత్తులో ఉండేట్టు కర్రకు బిగించండి. చెట్టుకు గానీ ఇంటికి గానీ వాటి ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి, లేకపోతే గాలివాటు వాన డబ్బాలో పడదు. రోజూ ఉదయం 8:30కి స్కేలుతో నీటి లోతు చూసి రాసుకుని పారబోయండి. నీరు ఎన్ని మిల్లీమీటర్ల లోతుందో వాన అంత. అడుగు సన్నంగా, మూతి వెడల్పుగా ఉన్న గ్లాసు పెడితే లెక్క ఎక్కువ చూపిస్తుంది.

ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే 4 వేల లీటర్ల పైచిలుకు నీరు. చేలో ముందే 5 సెంటీమీటర్లు పెట్టి ఉంచారనుకోండి, మీద 100 మిల్లీమీటర్లు పడితే లోతు 15 సెంటీమీటర్లకు చేరుతుంది. ఊడ్చిన వారానికి పైరు దాదాపు మునిగినట్టే. కాబట్టి నారింజ హెచ్చరిక కనబడగానే కాలువ తూము మూసి, చేలో నీరు ముందే తీసేయండి. ఆ ఖాళీయే వాన నీటికి చోటు.

ఏరు, పోటు

భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజే లంక రైతు చేతిలో ఉన్న గడువు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో భద్రాచలం మట్టం 75.6 అడుగులు, 2022 జులైలో 71.3. భద్రాచలంలో 43 దాటి ఇంకా పెరుగుతోందంటే ధవళేశ్వరం హెచ్చరిక కోసం కాచుకోకండి. మోటార్లు విప్పి గట్టెక్కించండి, పశువుల్ని ఏటిగట్టు మీదకు తోలండి, కోతకొచ్చిన కూరగాయలు కోసేయండి. కాజ్‌వే మునిగిందంటే ఆ తర్వాత పడవే దిక్కు.

పోటు సంగతి పల్లపు ఊళ్ళకు ఇంకా ముఖ్యం. అమావాస్యకు, పౌర్ణమికి, ఆ తర్వాతి ఒకటి రెండు రోజులకు పోటు ఎత్తుగా వస్తుంది. ఆ గంటల్లో మురుగు కాలువ నీరు సముద్రంలోకి దిగదు. భారీ వాన సూచన ఆ తిథుల్లో పడిందంటే చేలో నీరు తీసుకోవడానికి దొరికేది సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ మాత్రమే. గుర్రపుడెక్క, తూటుకాడ పట్టిన బోదె ఆ నాలుగైదు గంటల్లో నీటిని లాగలేదు. వాటిని తీసే పని జూన్ నాటికే అయిపోవాలి, అదీ బోదె పొడవునా రైతులందరూ కలిసి. ఎగువవాడు తీసి దిగువవాడు వదిలేస్తే దిగువ చేలే ముందు మునుగుతాయి.

పైరు దశను బట్టి

ఆకుమడి మునిగి తేలితే ముందు నీరు తీసి, తర్వాత 5 సెంట్ల మడికి కిలో యూరియా, కిలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చల్లాలి. పిలకల దశలో మునిగిన చేనుకు నీరు దిగాక ఎకరానికి 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్. ఎండాకు తెగులు కనిపిస్తే మాత్రం యూరియా ఆపేయాలి. గాలివానకు ఆకులు చీరుకుపోయిన చేలో ఆ తెగులు తొందరగా అంటుకుంటుంది, నత్రజని దానికి ఊతమిస్తుంది. తెగులున్న చేలోంచి నీరు పక్క చేలోకి వదలకూడదు.

మందు కొట్టాలంటే కనీసం ఐదారు గంటలు వాన లేని వ్యవధి చూసుకోండి. గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటితే మందు పక్క చేను పాలు. దాళ్వా (రబీ) పంటలో పొగమంచు, రాత్రి చలి వరసగా నాలుగైదు రోజులుంటే అగ్గితెగులు వస్తుంది. ఆకుల మీద నూలుకండె ఆకారపు మచ్చలు కనబడితే లీటరుకు 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ కొట్టాలి.

సార్వా (ఖరీఫ్) కోతల దగ్గరే అసలు పరీక్ష. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడగానే హడావుడిగా కోసేవాళ్ళు ఎక్కువ. అది తప్పు లెక్క. కోసిన పన ఆరడానికి మూడు నాలుగు పొడి రోజులు కావాలి. అన్ని రోజులు సూచనలో లేకపోతే పైరును నిలబడే ఉంచి, చేలో నీరు బయటకు తీసేయడమే మేలు. నిలిచిన వెన్ను గాలికి ఆరుతుంది, నీళ్ళలో పడిన పన రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతుంది. మిషన్‌తో కోసి అదే రోజు ధాన్యం నీడకు చేర్చగలిగినవారి సంగతి వేరు.

పనల మీదే వాన పడితే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి గింజలు తడిసేట్టు పిచికారీ చేయండి. నూర్చిన ధాన్యం తడిసి, ఆరబెట్టే ఎండ లేకపోతే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టండి. మొలక ఆగుతుంది, రంగు మారదు. ఎండ రాగానే ఆరబెట్టి తూర్పారబట్టుకోవచ్చు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదని గుర్తుంచుకోండి.

తోటలు, నర్సరీలు

వాయుగుండం అంటే గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు, తీవ్ర వాయుగుండం 50 నుంచి 61, తుపాను అంటే 62 పైన. అరటికి తీవ్ర వాయుగుండమే చాలు. గెల వేసిన చెట్టుకు సరుగుడు కర్రలు రెండు కత్తెర మాదిరిగా ఊతం పెట్టి, గెల మెడ దగ్గర కట్టాలి. ఒకవైపే ఊతం పెట్టడం పెద్ద పొరపాటు. తుపాను కన్ను మీదుగా వెళితే గాలి కాసేపు ఆగి, తర్వాత ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా వస్తుంది. ఆ మధ్యలో తుపాను పోయిందనుకుని తోటలోకి వెళ్ళడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే.

కొబ్బరిలో ముదిరిన కాయలు, ఎండు మట్టలు ముందే దింపేయాలి. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. కడియం వైపు నర్సరీల్లో షేడ్‌నెట్లు విప్పి చుట్టేయండి. నెట్టు ఉంచితే అది తెరచాపలా గాలి పట్టి స్తంభాలతో సహా లేచిపోతుంది. పొడవాటి మొక్కల కుండీలను దగ్గర దగ్గరగా నేల మీద పడుకోబెట్టి, వాన తగ్గగానే లేపాలి. రెండు రోజులు అలాగే వదిలేస్తే వేరు దగ్గర కుళ్ళు పడుతుంది.