పసిపిల్లలతో కొత్త ఊరికి మారుతున్నారా? సరే అనే ముందు ఈ జాగ్రత్తలు

పోయిన నెల మాకు తెలిసిన ఒక ఇంట్లో 16 నెలల బాబుకి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. మధ్యాహ్నం వేళ. తండ్రి గంటన్నర దూరంలో ఆఫీసులో ఉన్నాడు. తల్లి ఆ ఊరికి వచ్చి ఆరు వారాలే అయింది. అంబులెన్స్ కోసం ఫోన్ చేసింది. అవతల వాళ్లు "ఎక్కడికి రావాలమ్మా?" అని అడిగితే చెప్పలేకపోయింది. అద్దె కాగితాలు భర్త ఫోన్‌లో ఉన్నాయి, వీధి పేరు ఆమెకు తెలియదు, ఎదురింట్లో ఎవరుంటారో కూడా తెలియదు. పిల్లాణ్ణి ఎత్తుకుని కిందికి పరుగెత్తితే, పార్శిల్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు పెట్టె మీద ఉన్న అడ్రస్ చదివి చెప్పాడు. బాబు ఇప్పుడు బాగున్నాడు.

ఈ సంగతి విన్న చాలామంది "అడ్రస్ కూడా తెలుసుకోకుండా ఎలా ఉందమ్మా" అన్నారు. ఆమెను అనడం అన్యాయం. తప్పు ఆ మధ్యాహ్నం జరగలేదు, నాలుగు నెలల ముందే జరిగింది. ఇంటర్వ్యూకి వెళ్లింది ఆయన. ఊరు చూసింది, ఇల్లు చూసింది, అడ్వాన్స్ ఇచ్చింది కూడా ఆయనే. రోజంతా ఆ ఊళ్లో, ఆ ఇంట్లో, ఆ పిల్లాడితో గడపాల్సిన ఆమె మాత్రం సామాన్ల లారీ వెనకే వచ్చి మొదటిసారి ఊళ్లో అడుగుపెట్టింది.

చిన్నపిల్లలున్న కుటుంబాలు ఊరు మారి దెబ్బతినడం చాలాసార్లు చూశాను. కారణాలు పైకి వేరువేరుగా కనిపిస్తాయి. కొందరు డబ్బు చాలలేదంటారు, కొందరు పిల్లలకు పడలేదంటారు, కొందరు దంపతుల మధ్య గొడవలంటారు. తవ్వి చూస్తే అడుగున దాదాపు ఎప్పుడూ ఇదే ఉంటుంది. పగలు పిల్లలతో ఉండే మనిషి ఆ ఊరిని చూడకుండానే నిర్ణయం అయిపోయింది. ఆ మనిషి తల్లి కావచ్చు, తండ్రి కావచ్చు, అమ్మమ్మ కావచ్చు. ఎవరైనా సరే, వాళ్లు చూడకుండా సరే అనకండి.

జీతం, అద్దె, స్కూలు ఫీజుల లెక్కలు మీరు ఎలాగూ వేసుకుంటారు. వాటి జోలికి నేను వెళ్లను.

చూడటం అంటే ఎలా చూడాలి

సెలవుల్లో వెళ్లి రెండు రోజులు హోటల్లో ఉండి వస్తే ఊరు చూసినట్టు కాదు. అప్పుడు దంపతులిద్దరూ ఉంటారు, చేతిలో పని ఉండదు, తిరగడానికి కారు ఉంటుంది. మీరు వెళ్లి ఉండబోయే జీవితం అది కాదు.

పనిరోజుల్లో వెళ్లండి. వీలైతే ఒక వారం, కనీసం మూడు రోజులు. మీరు అద్దెకు తీసుకోవాలనుకుంటున్న వీధికి దగ్గరలోనే దిగండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లలతో ఆ మనిషి ఒక్కరే ఉండాలి. సంపాదించే మనిషి బయటికి వెళ్లిపోవాలి, ఆఫీసు నుంచి నిజంగా ఎన్నింటికి వస్తారో అన్నింటికే తిరిగి రావాలి. మధ్యలో ఫోన్ చేసి సాయం చేయకూడదు.

ఆ రోజుల్లో చేయాల్సినవి మామూలు పనులే. పిల్లాణ్ణి ఎత్తుకుని నడిచి మందుల షాపు దాకా వెళ్లి రావాలి. పిల్లల డాక్టరు ఎక్కడున్నారో కనుక్కుని, జ్వరం లేకపోయినా ఒకసారి చూపించాలి. ఎంతసేపు కూర్చోబెట్టారు, డాక్టరు మాట వీళ్లకు అర్థమైందా, వీళ్ల మాట డాక్టరుకు అర్థమైందా అన్నది అప్పుడే తెలుస్తుంది. కొత్త ఊళ్లో భాష వేరైతే ఇది మరీ ముఖ్యం. ఆఫీసులో పనిచేసే మనిషికి ఆ భాష రాకపోయినా గడుస్తుంది, పగలు ఇంట్లో ఉండే మనిషికి గడవదు. సాయంత్రం నాలుగింటికి పిల్లాణ్ణి ఎక్కడ ఆడించాలో వెతకాలి. అక్కడ మిగతా పిల్లలు, వాళ్లతో వచ్చిన పెద్దవాళ్లు కనిపించారా, లేక ఖాళీ బెంచీలు ఉన్నాయా చూడాలి. ఎండగానో వానగానో ఉన్న పూట ఇంట్లోనే ఉండి చూడాలి.

తిరిగొచ్చాక ఆ మనిషిని "నచ్చిందా?" అని అడగొద్దు. నచ్చిందనే చెబుతారు. భర్తకో భార్యకో మంచి అవకాశం వచ్చినప్పుడు అడ్డు పడ్డారనిపించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. "మంగళవారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఏం చేశావు?" అని అడగండి. జవాబు దాంట్లో ఉంటుంది.

వెళ్లి చూసే వీల్లేకపోతే ఉద్యోగస్తులు ముందు వెళ్లి రెండు మూడు నెలలు ఒక్కరే ఉండాలి. కుటుంబం ఆ తర్వాత వెళ్లొచ్చు. విడిగా ఉండటం కష్టమే, ఖర్చు కూడా. అయినా అందరూ వెళ్లిపోయి ఆరు నెలలకు అందరూ వెనక్కి రావడం కంటే తక్కువ ఖర్చే.

దూరం లెక్క

మారేవాళ్లు దాదాపు అందరూ చేసుకునే బేరం ఒకటుంది. జీతం ఎక్కువ, ఇల్లు పెద్దది, కాకపోతే ఆఫీసు కొంచెం దూరం. ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ జర్మనీ కుటుంబాల వివరాలు తీసుకుని 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. ఎక్కువసేపు ప్రయాణం చేసేవాళ్లకు మంచి జీతమో మంచి ఇల్లో ఆ కష్టాన్ని పూడ్చాలి కదా, తీరా చూస్తే వాళ్ల తృప్తి తక్కువగానే ఉందని అందులో తేలింది. ఇంట్లో పసిపిల్ల ఉంటే రోడ్డు మీద పోయే ఆ గంట ఇంట్లో ఉన్న మనిషి ఖాతాలోంచి కూడా పోతుంది. పొద్దున ఏడు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఒక్కరే పిల్లతో ఉండటం ఎలా ఉంటుందో చేసినవాళ్లకు తెలుసు. ఇల్లు చిన్నదైనా ఆఫీసుకు దగ్గరలో చూడండి.

ఎప్పుడు మారకూడదు

థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు సైకియాట్రిస్టులు 1967లో జీవితంలో వచ్చే మార్పులకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులు. ఇల్లు మారడానికి 20 మాత్రమే. అందుకే చాలామంది "ఇల్లు మారడమేగా" అంటారు. కానీ పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇల్లు ఒక్కటే మారదు. కొత్తగా బిడ్డ పుట్టినందుకు 39, వేరే రకం పనిలోకి మారినందుకు 36, ఒకరు ఉద్యోగం మానేసినందుకు 26, జీవన పరిస్థితులు మారినందుకు 25, ఇల్లు 20, నలుగురితో కలిసే తీరు మారినందుకు 18. కూడితే 164. 150 దాటితే జబ్బుపడే అవకాశం పెరుగుతుందని వాళ్ల కొలత. మార్కుల లెక్క మరీ పట్టించుకోనక్కర్లేదు. అన్నీ ఒకేసారి నెత్తిమీద పెట్టుకోవద్దన్నదే అందులో అసలు సంగతి.

కాన్పుకు ముందు చివరి నెలల్లో, కాన్పు తర్వాత మొదటి ఆరు నెలల్లో మారకుండా ఉండగలిగితే ఉండండి. ప్రసవించిన తల్లుల్లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 13 శాతం మందికి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రోజుల్లో ఆమెను కాపాడేది పక్కన ఉండే మనుషులు. సరిగ్గా అప్పుడే ఆమెను వాళ్ల నుంచి దూరంగా తీసుకెళ్తున్నారు.

ఎనిమిది నెలల నుంచి ఏడాదిన్నర మధ్య పిల్లలకు తెలిసిన మనిషి కనిపించకపోతే భయం ఎక్కువ. మారిన వారంలోనే డే కేర్‌లో వదలకండి. పాలు మాన్పించడం, టాయిలెట్ అలవాటు చేయడం, విడిగా పడుకోబెట్టడం లాంటివేవీ ఆ నెలలో పెట్టుకోకండి. నేర్చుకున్న అలవాట్లు కొన్ని పోతాయి, మళ్లీ వస్తాయి. దానికి పిల్లల్ని తిట్టకండి.

ఇక మిగతావి. వరసలో లేవు, ఏదీ వదిలేయొద్దు.

పాత ఊరిని ఒక్క రోజులో తెంపేసుకోకండి. వీలైతే కొన్నాళ్లు పాత ఇల్లు ఉంచుకోండి, లేదా తిరిగొస్తే ఎక్కడ దిగుతామో ముందే మాట్లాడుకోండి. సొంత ఇల్లుంటే అమ్మకండి. కొత్త ఊళ్లో మొదటి ఏడాది ఇల్లు కొనకండి.

ఆఫర్ లెటర్ కాగితం మీద చేతికి రాకుండా పాత ఉద్యోగానికి రాజీనామా చేయొద్దు. ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

ఒకరు ఉద్యోగం మానుకుని వస్తుంటే, వాళ్ల పేరు మీద కూడా డబ్బు ఉండాలి. పిల్లాణ్ణి తీసుకుని వెనక్కి రావడానికి సరిపడా. అడిగి తీసుకునేలా ఉండకూడదు.

టీకాల కార్డు చేతి సంచిలో పెట్టుకోండి, సామాన్ల లారీలో వేయకండి. ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. టీకాల షెడ్యూలు దేశాన్ని బట్టి మారుతుంది. మీజిల్స్ మొదటి డోసు కొన్నిచోట్ల 9 నెలలకు, కొన్నిచోట్ల 12 నెలలకు వేస్తారు. దేశం మారుతుంటే తర్వాతి డోసు ఎప్పుడో వెళ్లకముందే డాక్టరుతో రాయించుకోండి.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో అడగండి. బావి నీళ్లో బోరు నీళ్లో అయితే, ఇంట్లో ఆరు నెలల లోపు బిడ్డకు డబ్బా పాలు కలుపుతుంటే, నైట్రేట్ పరీక్ష చేయించకుండా వాడొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. దాటితే పసివాళ్ల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. మరిగించినా నైట్రేట్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా పెరుగుతుంది.

గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉంటే ఆ ఇల్లు వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

పాత ఇంట్లో గోడల పెయింట్ పెచ్చులుగా రాలుతుంటే ఆ ఇల్లూ వద్దు. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. పాత పెయింట్లో సీసం ఉండొచ్చు, సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదు.

కిటికీలకు గ్రిల్, బాల్కనీకి ఎత్తైన రెయిలింగ్, నీళ్ల తొట్టెకు మూత. ఇవి లేనిదే సామాన్లు దించొద్దు. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు ప్రధాన కారణాల్లో నీట మునగడం ఒకటి. బక్కెట్ నీళ్లు చాలు.

వాన పడితే ఆ వీధిలో నీళ్లు నిలుస్తాయా? బ్రోకర్‌ను అడగొద్దు. ఎదురింటివాళ్లను అడగండి.

మొదటి రోజే అడ్రస్ పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అతికించండి. ఆ ఊరి భాషలో, దగ్గరి గుర్తుతో సహా. కింద అంబులెన్స్ నంబరు, డాక్టరు నంబరు, పక్కింటివాళ్ల నంబరు. పక్కింటివాళ్ల నంబరు తెలియకపోతే వెళ్లి తలుపు కొట్టి తెచ్చుకోండి. రేపు కాదు.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు జ్వరంతో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏదీ పెట్టొద్దు, గట్టిగా అదిమి పట్టుకోవద్దు. గడియారం చూడండి. మొదటిసారి వచ్చినా, ఐదు నిమిషాలు దాటినా అంబులెన్స్ పిలవాలి. ఇది ఇంట్లో ఉండే ప్రతి మనిషికీ తెలిసి ఉండాలి.

రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రికి ఒకసారి రాత్రే వెళ్లి రండి. ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోండి.

పగలు ఇంట్లో ఉండే మనిషికి సొంత ఫోన్, సొంత తాళం చెవి, రవాణాకు సొంత దారి ఉండాలి. మూడూ ఉండాలి.

"పిల్లలు చిన్నవాళ్లే కదా, ఎక్కడైనా సర్దుకుంటారు" అనే మాట పట్టుకుని వెళ్లొద్దు. పిల్లలు సర్దుకోవాలంటే వాళ్లను చూసే మనిషి ముందు సర్దుకోవాలి.

"ముందు వెళ్దాం, తర్వాత చూద్దాం" అనొద్దు.

"కంపెనీ వారంలో చేరమంటోంది" అంటే మీరొక్కరే చేరండి. చేరాల్సింది మీరు, వారంలో ఇల్లు ఖాళీ చేయాల్సిన పని పిల్లకు లేదు.

"మా వాళ్లు అక్కడే ఉన్నారు" అంటే ఎంత దూరంలో ఉన్నారో, పగలు ఇంట్లో ఉంటారో ఉద్యోగాలకు పోతారో కనుక్కోండి. ఆదివారం భోజనానికి వచ్చే చుట్టాలు మంగళవారం జ్వరానికి అందుబాటులో ఉండరు.

పిల్లల్ని చూసే మనిషి ఊరు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. స్కూల్లో సీటుకు డబ్బు కట్టొద్దు. లారీ మాట్లాడొద్దు.

ఆ వారం ఉండి వచ్చాక ఆ మనిషి వద్దంటే, ఒప్పించే పని మొదలుపెట్టకండి, పెద్దవాళ్లతో చెప్పించకండి. ఆ పూటే ఆఫీసుకు ఫోన్ చేసి చేరే తేదీ వాయిదా అడగండి. కుదరదంటే మీరు ఒంటరిగా వెళ్లడానికి ఒక గది చూసుకోండి. ఇంటివాళ్లకు ఖాళీ చేస్తున్నామని చెప్పేసి ఉంటే, ఆ మాట వెనక్కి తీసుకోండి.