తాతల కాలం రివాల్వర్‌కు వారసత్వ లైసెన్సు: కర్నూలు, నంద్యాల జిల్లాల వారికి దరఖాస్తు విధానం

ఇంటి పెద్ద పోయాక బీరువాలోనో ట్రంకు పెట్టెలోనో పాత రివాల్వర్ కనబడితే, ఎవరైనా ముందు అడిగేది దాని ధర. కానీ ముందు తేల్చుకోవాల్సింది దాని కాగితం. ఎంత అరుదైన ఆయుధమైనా కాగితం లేకపోతే చట్టబద్ధంగా అమ్మడానికీ లేదు, కొనడానికీ లేదు. లైసెన్సు అవసరమైన ఆయుధాన్ని లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకుంటే ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడుతుంది.

లైసెన్సుదారు చనిపోతే ఆ లైసెన్సు కొడుక్కో కూతురికో దానంతటదే రాదు. ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లోగానీ లైసెన్సున్న డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. 21వ సెక్షన్ చెప్పేది ఇదే. దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కి కలెక్టరేట్‌కు మాత్రం వెళ్లొద్దు. ముందు స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలిపి, వాళ్లు చెప్పినట్టు అప్పగించండి. లోపల తూటా లేదని తెలిసినవాళ్లు చూసి చెప్పేదాకా ట్రిగ్గర్, హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి భాగం), సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) ఏదీ ముట్టుకోవద్దు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో పెట్టిన ఆయుధాన్ని ఇంటివాళ్లు మళ్లీ తెచ్చుకోకపోవడం మన వైపు కొత్త కాదు. ఇంట్లో లైసెన్సు పుస్తకం ఉండి రివాల్వర్ కనబడకపోతే పాత డిపాజిట్ రసీదు కోసం వెతకండి.

"వందేళ్ల నాటిది కదా, దీనికీ లైసెన్సు కావాలా?" అని చాలామంది అడుగుతారు. చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది మరమ్మతు చేసినా పేలని ఆయుధానికే. హ్యామర్ విరిగింది, స్ప్రింగు పోయింది అంటే సరిపోదు, ఎందుకంటే ఆ భాగాలు మళ్లీ వేయించవచ్చు. క్యూరియో (అరుదైన పాత వస్తువు) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను భారత పౌరులు లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవచ్చని 2020 ఫిబ్రవరిలో కేంద్రం సడలించింది. అయినా వాటిని వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపాలన్నా లైసెన్సు ఉండాలి. మీ రివాల్వర్ ఏ కోవలోకి వస్తుందో మీరే తీర్మానించుకోకండి. కలెక్టరుకు రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

తర్వాత చూడాల్సింది బోరు, అంటే గొట్టం లోపలి కొలత. 32 బోరు రివాల్వర్ ఫైలు మామూలుగా జిల్లా స్థాయిలోనే నడుస్తుంది. .455, .380 రిమ్డ్ (అడుగున అంచు ఉన్న) తూటాలు పట్టే రివాల్వర్లు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి, వాటి అనుమతి కేంద్రం చేతిలో ఉంటుంది. బ్రిటిష్ సైన్యం వాడిన వెబ్లీ కంపెనీ ఆరో మార్కు (ఆరో నమూనా, 1915) .455 బోరుదే. వెబ్లీ అన్న పేరు చూసి 32 అని రాసేస్తే ఫైలు అక్కడే ఆగుతుంది.

ఎక్కువ దరఖాస్తులు వెనక్కి వచ్చేది నంబరు దగ్గరే. డిపాజిట్ చేసేటప్పుడే స్టేషన్ సిబ్బంది ముందు నంబరు చదివించి, రసీదులో రాయించుకోండి. వెబ్లీ సైనిక రివాల్వర్లకు ఫ్రేము కుడిపక్క ట్రిగ్గరుకు పైన, సిలిండర్ మీద నంబరు ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్ పాత మోడళ్లలో పిడి అడుగున చూడాలి. వాటి బ్యారెల్ పైన కనబడే తేదీలు పేటెంట్లవి. వాటిని తయారైన సంవత్సరమనో, సీరియల్ నంబరనో పుస్తకంలో ఎక్కించిన లైసెన్సులు ఉన్నాయి. అంకెలు అరిగిపోయి ఉంటే తెల్ల సుద్దముక్క రుద్ది పైపైన తుడిస్తే గీతల్లో తెలుపు నిలిచి 3కీ 8కీ తేడా తెలుస్తుంది. పుస్తకంలోని నంబరు, ఆయుధం మీది నంబరు కలవకపోతే ఆ సంగతి దాచకుండా దరఖాస్తుతో పాటే రాసివ్వండి.

దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె, డోన్ వాళ్లది నంద్యాల కలెక్టరేట్. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లది కర్నూలు. పాత పుస్తకం కర్నూలు నుంచి ఇచ్చినదై, మీరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంటే, పాత ఫైలు ఎక్కడుందో కలెక్టరేట్‌లో లైసెన్సుల పని చూసే మేజిస్టీరియల్ సెక్షన్‌లో ముందే కనుక్కోండి.

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. ఫారం ఏ-1 నింపి దానికి ఇవి జతచేయాలి: తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో నాలుగు ఫొటోలు, పుట్టిన తేదీ, గుర్తింపు, నివాస రుజువులు, ఆయుధ భద్రత శిక్షణ పత్రం (ఎస్-1), శారీరక, మానసిక ఆరోగ్యంపై డాక్టరు పత్రం (ఎస్-3), ఆయుధాన్ని భద్రంగా దాస్తామన్న హామీపత్రం. వారసత్వం కాబట్టి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అసలు లైసెన్సు పుస్తకం, డిపాజిట్ రసీదు కూడా పెట్టండి. మిగతా వారసులందరి నిరభ్యంతర అఫిడవిట్ లేకుండా వెళ్లొద్దు. పెళ్లై వేరే ఊళ్లో ఉన్న ఆడపిల్లల సంతకాలు మరిచిపోవడం మామూలే, ఫైలు ఆగేదీ అక్కడే. పెద్దాయన బతికే ఉండి 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, ఆయనే వారసుణ్ణి సూచించవచ్చు. వీలుంటే ఇదే మంచి దారి, గొడవలు రావు.

ఫైలు కలెక్టరేట్ నుంచి ఎస్పీకి, అక్కడి నుంచి మీ స్టేషన్‌కు విచారణకు వెళుతుంది. లైసెన్సు నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి, అప్పీలుకు అవే ఆధారం. 2019 సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినవాటితో కలిపి ఒకరికి రెండు ఆయుధాలే. మీ పేరున ఇప్పటికే రెండుంటే ఈ మూడోది మీకు రాదు.

ఇక పంపకాల కోసం విలువ కట్టడం. చూడాల్సింది మెరుపు కాదు. సిలిండర్, ఫ్రేము నంబర్లు కలుస్తున్నాయా, స్క్రూల గాట్లు చెదిరాయా, అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, ఇవీ అసలు సంగతులు. ప్రూఫ్ ముద్రలూ (ఆయుధాన్ని పరీక్షించాక కొట్టే గుర్తులు) చదవాలి. అండాకారంలో ఈఎల్‌జీ అక్షరాలుంటే బెల్జియంలోని లీజ్‌లో పరీక్షించినది, దాని మీద కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతిది. బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తిని చెబుతుంది, రెండు బాణాలు మొనలు కలిపి ఉంటే ప్రభుత్వం అమ్మేసినదని అర్థం. కలకత్తా మాంటన్, రోడ్డా కంపెనీల పేరు సిలిండర్ పైనున్న ఫ్రేము పట్టీ మీద ఉంటే అది ఎక్కడ అమ్ముడైందో తెలుస్తుంది. చింతపండు, బూడిద, గరుకు కాగితం పెట్టి తోమితే పాత నీలి పూత పోతుంది, దాంతో విలువా పోతుంది. కొత్తగా పూత వేయించినా అంతే. తుప్పు ఉంటే ఉన్నట్టే చూపించండి.

లైసెన్సు మంజూరయ్యాక పుస్తకం చేతికి తీసుకునేటప్పుడే బోరు, తయారీదారు, నంబరు రసీదుతో పోల్చుకోండి. తప్పుంటే అక్కడే దిద్దించుకుని, ఆ తర్వాతే స్టేషన్‌లో విడుదల ఉత్తర్వు చూపించి ఆయుధం తీసుకోండి.