పెరటాసి రద్దీకి ముందు: బండి నడిపేవాళ్లకూ, ఎక్కేవాళ్లకూ, నడిచి వచ్చేవాళ్లకూ

తమిళుల పెరటాసి నెల దగ్గర పడుతోంది. సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా తిరుపతి చుట్టుపక్కల రోడ్ల తీరే మారిపోతుంది. శనివారాలకు తమిళనాడు నుంచి భక్తులు గుంపులు గుంపులుగా నడిచి వస్తారు. బ్రహ్మోత్సవాలూ దాదాపు ఈ రోజుల్లోనే. ఆ వెనకే ఈశాన్య రుతుపవనాల వానలు. బెంగళూరు కార్లు, చెన్నై వ్యాన్లు, మన పల్లెల నుంచి వచ్చే ఆటోలు అన్నీ ఇటే.

టైర్లు, బ్రేకులు, లైట్లు చూపించుకోమని అందరూ చెబుతారు. తప్పకుండా చూపించుకోండి. కానీ 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో నూటికి 70 మందికి పైగా అతివేగం వల్లే పోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అంటే నడిపే తీరును కూడా సరిచూసుకోవాలి. ఆ పని రోడ్డెక్కాక కుదరదు. తొందర, నిద్ర, మొహమాటం పట్టుకున్నాక ఎంత తెలివైనవాడికీ మంచి ఆలోచన రాదు. అందుకే కొన్ని విషయాలు ఇంట్లో ఉన్నప్పుడే తేల్చుకుని బయల్దేరాలి.

మొదటిది నిద్ర. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అవగానే బెంగళూరులో కారెక్కి, అర్ధరాత్రి పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేవాళ్లు చాలామంది. పొద్దున దర్శనం టైమ్ కాబట్టి ఆగడానికి మనసొప్పదు. రాత్రి 2 నుంచి 5 దాకా మన ఒంటికి నిద్ర వేళ. టీ తాగినా, పాటలు గట్టిగా పెట్టినా, అద్దం దించినా కాసేపు తేలిగ్గా అనిపిస్తుందే తప్ప ఆ నిద్ర ఎక్కడికీ పోదు. కళ్లు తెరిచి ఉండగానే మెదడు రెండు మూడు సెకన్లు మూతపడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే 66 మీటర్లు కారును ఎవరూ నడపనట్టే. ఇప్పుడే దాటిన ఊరు ఏదో గుర్తు రాకపోయినా, ఆవులింతలు ఆగకపోయినా, బండి గీత దాటి పక్కకు జరుగుతున్నా ఇక ఒక్క కిలోమీటరు కూడా పోవద్దు. వెలుతురున్న పెట్రోల్ బంకులో ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి. ఇంకా మంచి దారి దర్శనం టికెట్ బుక్ చేసేటప్పుడే ఉంది: మధ్యాహ్నం స్లాట్ దొరికితే అదే తీసుకోండి. అప్పుడు రాత్రి ఇంట్లో నిద్రపోయి తెల్లవారాక బయల్దేరవచ్చు. లేదంటే కాణిపాకంలో ఒక రాత్రి ఆగండి. వినాయకుడి దర్శనమూ అవుతుంది.

తిరుగు ప్రయాణం ఇంకా ప్రమాదం, ఎవరూ దాన్ని పట్టించుకోరు. రాత్రంతా క్యూలో నిలబడి, కడుపునిండా భోజనం చేసి, దర్శనమైందన్న తృప్తితో స్టీరింగు పట్టుకుంటారు. కొండ మీదే రెండు గంటలు పడుకుని దిగండి.

ఇక మొహమాటం. నాకైతే అన్నిటికంటే దీని గురించే ఎక్కువ బాధ. వ్యాను మాట్లాడుకుని పదిమంది కుటుంబంగా పోతాం. డ్రైవరు ఫోను మాట్లాడుతూ నడుపుతుంటాడు, మలుపులో ఓవర్‌టేక్ చేస్తాడు. అందరికీ భయమే, ఒక్కరూ నోరు తెరవరు. పెద్దాయన చెబుతాడులే అని కుర్రవాళ్లు, ముందు కూర్చున్న అల్లుడు చెబుతాడులే అని పెద్దాయన. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న బస్సు రాత్రిపూట భాకరాపేట కనుమలో లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్నాయి. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఈ కనుమ దారుల్లో ఒక్క మనిషి పొరపాటు బండి నిండా ఉన్న జనం మీద పడుతుంది. అందుకే బయల్దేరే ముందే మీలో ఒకరికి ఆ పని అప్పగించండి. వాళ్లు డ్రైవరు పక్క సీట్లో కూర్చోవాలి, నిద్రపోకూడదు, భయమేసిన వెంటనే చెప్పాలి. కోపంగా అక్కర్లేదు. "అన్నా, మనకేం తొందర లేదు, నిదానంగా పోనీ" అంటే చాలు, చాలామంది వింటారు. వినకపోతే బండి ఆపించి దిగడానికీ వెనకాడవద్దు.

బండి మాట్లాడేటప్పుడు డ్రైవరును ఒక్క మాట అడగండి: "నిన్న రాత్రి నిద్రపోయినావా అన్నా?" సీజన్‌లో ఒక పార్టీని దించి అదే రాత్రి ఇంకో పార్టీని ఎక్కించుకునేవాళ్లు ఉంటారు. అది వాళ్ల అత్యాశ అనలేం. బండి కంతులు, ఇల్లు గడవడం ఈ నెల రోజుల సంపాదన మీదే ఉంటాయి. ఒక పూట అదనంగా బత్తా ఇచ్చి పడుకోమనండి. పడుకోవడానికి చోటు కూడా మీరే చూపించండి.

తిరుమల ఘాట్ రోడ్డు విషయానికొస్తే, పైకి ఎక్కేది 1974లో వచ్చిన రెండో దారి, కిందికి దిగేది 1944 నాటి పాత దారి. వేరువేరు దారులు కాబట్టి ఎదురు బండి రాదన్న ధీమాతో జనం మలుపుల్లోనే ఓవర్‌టేక్ చేస్తారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తగ్గకూడదన్న నియమం అందుకే. సగం దారి దూకుడుగా దిగి, చివర్లో చెట్టు కింద ఆగి టైమ్ సరిపెట్టుకుంటే జరిమానా తప్పుతుందేమో, ప్రమాదం తప్పదు. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి ఇంజను పట్టుమీద దిగాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేయడం, స్కూటర్ ఆఫ్ చేసి జార్చడం ప్రాణాలతో ఆట. అప్పుడు భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి కాలి పట్టు వదిలేస్తాయి. కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తగా లోపలికి పోయినా వెడల్పున్న చోట ఆపి చల్లారనివ్వండి. నీళ్లు పోయవద్దు. వానలో రాళ్లు జారతాయి. కొండవైపు అంచున బండి ఆపి ఫొటోలు దిగవద్దు.

రెండు చక్రాల బండ్ల మీద ఈ రోజుల్లో తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. నాన్నకు గుండు, తలంతా గంధం, హెల్మెట్ మోచేతికి వేలాడుతూ ఉంటుంది. ముందు ట్యాంకు మీద అదే గంధం గుండుతో నిద్రకు తూగుతున్న నాలుగేళ్ల పిల్లవాడు. వెనక అమ్మ, కొంగు చక్రానికి జానెడు దూరంలో. గంధం చెరిగితే మళ్లీ పూసుకోవచ్చు, లేదా ఆరేదాకా ఆగండి. గుండయ్యాక హెల్మెట్ వదులవుతుంది కాబట్టి పట్టీ బిగించుకోండి. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలన్నది చట్టం. నిద్రపోయే బిడ్డను మాత్రం బండి మీద తీసుకురానేవద్దు, బస్సెక్కండి. లైసెన్సు లేని పిల్లవాడికి తాళం ఇస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఇది సీజన్‌కే కాదు, ఏడాది పొడుగునా.

నడిచి వచ్చేవాళ్లు చీకట్లో రోడ్డు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనబడేలా, ఒకరి వెనక ఒకరు నడవాలి. గుంపుకు ముందొకరు, చివరొకరు టార్చి పట్టుకోవాలి. సంచి మీద మెరిసే స్టిక్కర్ అంటిస్తే దూరం నుంచే తెలుస్తుంది. ఒళ్లు అలిసిపోయినా రోడ్డు అంచున పడుకోవద్దు. చిత్తూరు, పుత్తూరు వైపు బండ్లు నడిపే మనవాళ్లు ఈ నెలంతా తెల్లవారుజామున వేగం తగ్గించండి. ఎదురు లైట్లు కళ్లలో పడిన క్షణం పక్కన నడిచే మనిషి అసలు కనిపించడు. లైటు డిమ్ చేయండి, చేయలేదని ఎదుటివాడి మీద పంతానికి పోవద్దు.

ఎక్కడైనా ప్రమాదం చూస్తే వీడియో తీయకుండా 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. పోలీసులు, కేసులు అని జంకవద్దు. సాయం చేసినవారిని వేధించకూడదని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ సెక్షన్ చేర్చారు, మీ పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. రక్తం కారే చోట శుభ్రమైన కండువాతో గట్టిగా అదిమి పట్టుకోండి. నీళ్లు తాగించవద్దు. ఊపిరి ఆడుతున్నంతసేపు హెల్మెట్ లాగవద్దు, మెడ కదల్చవద్దు. వెనక వచ్చే బండ్లకు తెలిసేలా ఒకరిని దూరంగా నిలబెట్టి చేతిలో టార్చి ఊపమనండి.