హైదరాబాద్ నుంచి లండన్‌కి ఎన్ని గంటలు? టికెట్ మీద టైము తీసేసి లెక్కేస్తే సరిపోదు

బరంపురంలో ఉండే మా పిన్ని లండన్‌లో ఉన్న కొడుకు దగ్గరికి మొదటిసారి వెళ్తోంది. టికెట్ ప్రింటు నా చేతిలో పెట్టి, "పొద్దున 7కి హైదరాబాద్‌లో ఎక్కితే మధ్యాహ్నం 12:30కి దిగుతాను, ఐదున్నర గంటలే కదరా, మన విశాఖ రైలు కంటే ఓ గంట ఎక్కువ" అంది. కాదు పిన్నీ, పది గంటలు.

టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా లండన్ మనకంటే 4:30 గంటలు వెనక, మిగతా నెలల్లో 5:30. వెళ్లేటప్పుడు ఆ తేడా కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. పిన్ని వెళ్లేది వేసవిలో కాబట్టి ఐదున్నరకి నాలుగున్నర కలిపితే పది. అదే వేసవిలో లండన్‌లో రాత్రి 9కి బయలుదేరి మర్నాడు పొద్దున 10:30కి హైదరాబాద్‌లో దిగితే పదమూడున్నర కాదు, తొమ్మిదే. వచ్చేటప్పుడు తగ్గడం కూడా నిజమే, పైన పడమటి నుంచి తూర్పుకి వీచే గాలి వెనక నుంచి తోస్తుంది.

టికెట్ ఇంకా కొనలేదా? అయితే దూరం కొలుచుకోండి, కానీ గోడ మీద మ్యాపుతో కాదు. ఆ మ్యాపులో గీత గీస్తే ఇరాక్ మీదుగా పోవాలనిపిస్తుంది. మా అమ్మాయి గ్లోబు తెచ్చి, మల్లెపూలు కట్టే దారం రెండు ఊళ్ల మధ్య బిగించి చూపిస్తే అది కాస్పియన్ సముద్రం మీదుగా పోయింది, పిన్ని నమ్మలేక తనే మళ్లీ పట్టుకుని చూసింది. అదే దారం భూమధ్యరేఖ చుట్టూ తిప్పితే 94 సెంటీమీటర్లు, అంటే 40,000 కి.మీ. మన ముక్క 18 సెంటీమీటర్లు, దాదాపు 7,700 కి.మీ. అసలు దూరం 7,750 దాకా ఉంటుంది, దారానికి ఇంతకంటే ఏం కావాలి! దాన్ని విమానం గంటకి పోయే 850 కి.మీ.తో భాగించి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలపండి. పడమటికి వెళ్తుంటే ఎదురుగాలికి ఇంకాస్త వేసుకోండి. కొన్ని దేశాల మీదుగా ఎగరనివ్వకపోతే చుట్టూ తిరగాలి, అప్పుడు ఇంకా పెరుగుతుంది.

మనవాళ్లు అసలు మర్చిపోయేది ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకి పట్టే టైము. బరంపురం నుంచి విశాఖకి రైలు 280 కి.మీ. దాకా, నాలుగు, నాలుగున్నర గంటలు. అక్కణ్నుంచి హైదరాబాద్‌కి విమానం గంటంపావు. అక్కడ మూడు గంటల ముందే ఉండాలి. రెండు టికెట్లు విడివిడిగా కొంటే మొదటిది లేటైనా రెండోది ఆగదు కాబట్టి ముందు రోజే హైదరాబాద్ చేరిపోండి. పిన్నికి నేను గట్టిగా చెప్పింది ఇదే, అప్పడాల డబ్బా సర్దుతూ వింది.

దిగగానే ఫోన్ చేయమన్నారా? అక్కడ 12:30 అంటే వేసవిలో మనకి సాయంత్రం 5. ఇమ్మిగ్రేషన్ లైను, సామాను అయ్యేసరికి 6:30 దాటొచ్చు, అప్పటిదాకా టెన్షన్ పడకండి.